కలుపు ఏది? అడవి ఏది?
(నెల్లూరు తీరపు అడవులను గురించి)

మన అభ్యుదయ సాహిత్యంలో వాడి వాడి అరిగిపోయిన ఉపమానాల్లో కలుపు ఒకటి. దోపిడీని కలుపు అన్నాం, మౌఢ్యాన్ని కలుపు అన్నాం, వేళ్లతో పీకి గట్టు మీద పారెయ్యమన్నాం. పొలం తెలిసిన జనం గనుక ఈ ఉపమానం మనకు సులువుగా అబ్బింది. వరిమడిలో ఏది పైరో ఏది కలుపో ముందే నిర్ణయమై ఉంటుంది. విత్తినవాడే ఆ నిర్ణయం చేశాడు. అడవిని ఎవరూ విత్తలేదు. అయినా అడవి దగ్గరికి వెళ్లేసరికి "దీన్ని శుభ్రం చెయ్యాలి" అనే మాట అధికారి నోటా, కాంట్రాక్టరు నోటా, పర్యావరణ ప్రేమికుడి నోటా ఒకే తీరున వినిపిస్తుంది. 2005 చట్టం తరువాత మా ప్రాంతపు ఉపాధి హామీ పనుల్లో "జంగిల్ క్లియరెన్స్" అనే పద్దు కింద కూలీలు కొడవళ్లు పట్టుకుని వరసగా నిలబడటం నేను చూశాను. వాళ్లు కొట్టేదాంట్లో చిల్లకంప ఉండేది, కలివిపొద ఉండేది, చిగురిస్తున్న పాలమొక్క కూడా ఉండేది. పద్దులో మూడింటికీ ఒకటే పేరు.

ఆరోగ్యంగా ఉండటానికి అడవిని నిజంగానే శుభ్రం చెయ్యవలసి రావచ్చు. మా తీరంలో ఆ అవసరం ఎంతో ఉంది. అయితే దేన్ని తీసెయ్యాలి, ఎవరి చేత తీయించాలి, తీసిన చోట ఏం రావాలి అనే మూడు ప్రశ్నలకు జవాబు చెప్పకుండా సాగిన శుభ్రతంతా ఇక్కడ అడవిని మరింత పాడుచేసింది. నా వాదన అదే.

నెల్లూరు తీరమంటే ఇక్కడ పాత జిల్లా తీరమే. 2022లో జిల్లాలను విడదీసినప్పుడు సూళ్లూరుపేట, శ్రీహరికోట తిరుపతి జిల్లాలో కలిశాయి. ఇసుకకూ చెట్టుకూ ఆ సంగతి తెలియదు. మా ఊరి పేరు నెల్లి చెట్టు నుంచి వచ్చిందని కొందరు, నెల్లు అంటే వరి నుంచి వచ్చిందని కొందరు చెబుతారు. ఏది నిజమైనా మా ఊహలో మాత్రం వరే గెలిచింది. నెల్లూరు అనగానే మాగాణి గుర్తొస్తుంది తప్ప ఇక్కడో అడవి ఉందని జిల్లావాళ్లే చెప్పుకోరు.

కాని ఉంది, అదీ సామాన్యమైన అడవి కాదు. అటవీశాస్త్రం దాన్ని ఉష్ణమండలపు శుష్క సతత హరితారణ్యం అంటుంది. ఎండు నేలలో ఏడాది పొడుగునా పచ్చగా ఉండే అడవి అని అర్థం. 1936లో ఛాంపియన్ అనే అటవీ అధికారి భారతదేశపు అడవులను తరగతులుగా విభజించినప్పుడు దీనికి ప్రత్యేకంగా ఒక తరగతి ఇచ్చాడు. 1968లో సేఠ్‌తో కలిసి ఆ విభజనను సవరించినప్పుడూ అది అలాగే నిలిచింది. ఇక్కడ వానంతా ఇంచుమించు అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే, ఈశాన్య రుతుపవనంతోనూ తుఫానులతోనూ పడుతుంది. తక్కిన కాలమంతా ఎండే. ఇంత దీర్ఘమైన ఎండాకాలం ఉన్నచోట చాలా చెట్లు ఆకు రాల్చి బతుకుతాయి. ఈ అడవిలో చెట్లు ఆకు రాల్చవు. తోలులాంటి మందపాటి చిన్న ఆకులతో నీటిని లోపలే కాచుకుంటాయి. పాల, అల్లి, నేరేడు, ముష్టి వంటివి పెద్ద చెట్లు. అవీ పది పన్నెండు మీటర్లకు మించవు. వాటి కింద కలివి, వాక, పేరు తెలిసిన ముళ్లూ పేరు తెలియని తీగలూ అల్లుకుపోయి ఉంటాయి. శ్రీహరికోటలో బెత్తం కూడా పెరుగుతుంది. తలెత్తి చూసి ఆశ్చర్యపోయే అడవి కాదిది. తల వంచి దూరవలసిన అడవి. మన భావకవులకు ఇది కనబడకపోవడానికి అదీ ఒక కారణమనుకుంటాను.

ఆ దట్టమే దాని ఆరోగ్యం. పాలచెట్టు చాలా నెమ్మదిగా పెరుగుతుంది. దాని పండును పిట్ట తిని మరో పొదలో రెట్ట వేస్తుంది. ఆ పొద నీడలో, మేకకూ ఆవుకూ మూతి దూరని ముళ్ల మధ్య మొలక నిలదొక్కుకుంటుంది. రాలిన ఆకు ఇసుక మీద పరుపులా పడి, వానాకాలపు తేమను కొంతకాలం పట్టి ఉంచుతుంది. ఇసుకనేలకు తనదంటూ సారం తక్కువ. ఉన్న సారమంతా ఆ ఆకుచెత్తలోనే, ఎండి పడిపోయిన కొమ్మల్లోనే తిరుగుతూ ఉంటుంది. ఇప్పుడు ఒక మనిషి వచ్చి పొదలు కొట్టి, ఆకు ఊడ్చి, ఎండుకట్టె ఏరుకుపోయి, పెద్ద చెట్లను మాత్రం ఉంచాడనుకోండి. చూపుకు అది తోటలా ముచ్చటగానే ఉంటుంది. కాని మొలకకు నీడ పోయింది, కంచె పోయింది, తేమ పోయింది. ఆ పెద్ద చెట్లు చచ్చాక వాటి స్థానంలో నిలబడేది లేదు. అడవికి పిల్లలు పుట్టడం ఆగిపోయింది గాని, పెద్దలు బతికున్నంత కాలం అది ఎవరి కంటా పడదు.

ఈ శుభ్రత మనకు ఎక్కడి నుంచి వచ్చింది? పద్దెనిమిదో శతాబ్దం చివర ప్రష్యా, సాక్సనీ రాజ్యాలలో ఖజానా లెక్కల కోసం పుట్టిన అటవీశాస్త్రం నుంచి వచ్చింది. ఎకరానికి ఇంత కలప, ఏడాదికి ఇంత రాబడి అని లెక్క కట్టాలంటే చెట్లన్నీ ఒకే జాతివి, ఒకే వయసువి, వరసల్లో ఉండాలి. కింద పొదలుండకూడదు. మొదటి పంట బ్రహ్మాండంగా వచ్చింది. రెండో తరానికి నేల సారం దిగజారి చెట్లు గిడసబారాయి. ఆ నష్టం తేలేలోపే ఆ శాస్త్రం మన దేశానికి వచ్చింది. 1864లో బ్రిటిషు ఇండియాకు మొట్టమొదటి అటవీ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా వచ్చిన బ్రాండిస్ జర్మను దేశస్థుడే. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. వ్యక్తులు దుర్మార్గులని నేననడం లేదు, బ్రాండిస్ ఆ కాలానికి తెలివైనవాడే. రాబడి లెక్కకు లొంగనిదంతా "పనికిరాని జంగిల్" అయిపోయే దృష్టిని గురించి మాట్లాడుతున్నాను.

శ్రీహరికోట కథలో ఈ దృష్టి స్పష్టంగా కనబడుతుంది. ఒకవైపు సముద్రం, మరోవైపు పులికాట్ సరస్సు, మధ్య పొడుగాటి ఇసుక దీవి. 1835లో అది కుంపిణీ ప్రభుత్వం చేతికి వచ్చింది. అప్పటికే అందులో యానాదులు బతుకుతున్నారు. వాళ్ల చేత తేనె, కుంకుళ్లు, వేళ్లు, వంటచెరకు ఏరించి, బదులుగా గింజలూ గుడ్డలూ ఇచ్చే ఏర్పాటు సర్కారు చేసింది. ఏరిన వాటిలో ముఖ్యమైనది చిరివేరు. అద్దకపు గుడ్డకు ఎర్రరంగు ఇచ్చేది అదే. 1909లో అచ్చయిన థర్‌స్టన్ గ్రంథంలో ఒక తమాషా సంగతి ఉంది. ఇంగ్లీషులో ఈ వేరును "చే రూట్" అంటారు. అది ఒక సర్కారు నివేదికలో అచ్చుతప్పై "చెరూట్" అయిందట, అంటే చుట్ట. యానాదులు అడవిలో చుట్టలు ఏరుతున్నారని దొరలు చదువుకున్నారన్నమాట! 1868లో జర్మను రసాయనవేత్తలు ఆ ఎర్రరంగును ప్రయోగశాలలో తయారుచేశారు. కొద్ది ఏళ్లలోనే అది ఫ్యాక్టరీ సరుకై, చిరివేరు బజారు పడిపోయింది. వేరు తవ్వేవాడి నైపుణ్యానికి విలువ పోయాక అడవి నుంచి కావలసింది ఒక్కటే మిగిలింది, కట్టె. పెరుగుతున్న మద్రాసు నగరపు పొయ్యిలకు కట్టె కావాలి. అడవిని కూపులుగా విభజించి వంతులవారీగా నరికారు. బకింగ్‌హాం కాలువలో పడవల మీద కట్టె దక్షిణానికి పోయింది. కూపు కొట్టిన చోట మోళ్లు చిగిర్చి మళ్లీ పెరుగుతాయి, నిజమే. కాని పాలచెట్టు తీరిక వేరు, కూపు గడువు వేరు. చురుకుగా చిగిర్చే జాతులు మిగులుతాయి, నెమ్మదిగా పెరిగేవి తగ్గిపోతాయి.

తీరం వెంట ఖాళీ ఇసుక కనబడిన చోటల్లా సరుగుడు వేశారు. మా వైపు సర్వి అంటారు. ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన ఈ చెట్టు పంతొమ్మిదో శతాబ్దిలో రైలింజన్లకు కట్టెగా పనికొచ్చింది. తరువాత పందిళ్లకు, సారువలకు, కాగితం మిల్లులకు పనికొస్తోంది. సన్నకారు రైతుకు నాలుగు డబ్బులు ఇచ్చే పంట గనుక సర్వి తోటను నేను తప్పుపట్టను. గాలిని కొంత ఆపుతుంది కూడా. 1977 దివిసీమ ఉప్పెన తరువాతా, 1984 నవంబరులో మా తీరాన్నే కొట్టిన తుఫాను తరువాతా సముద్రపు ఒడ్డున చెట్ల కట్ట ఉండాలన్న మాటకు బలం వచ్చింది, అది న్యాయమే. కాని తోటను తోట అనాలి. దాన్ని అడవి లెక్కలో వేసి, సహజమైన పొదల అడవిని కొట్టి అక్కడ సర్వి వరసలు నాటి "అడవిని పునరుద్ధరించాం" అని రాసుకోవడాన్నే నేను తప్పుపడుతున్నాను. సర్వి రాల్చే సన్నని పుల్లలు మందంగా పడి కింద దాదాపు ఏమీ మొలవనివ్వవు. దాని కింద నడిస్తే పిట్ట కూత కూడా తక్కువ. పండే లేనిచోట పిట్టకేం పని?

ఇక చిల్ల. సర్కారు తుమ్మ, ఇంగ్లీషు తుమ్మ అని ఎన్ని పేర్లున్నా మనిషి కాల్లో దిగే ముల్లు ఒకటే. మద్రాసు రాజధానిలో అటవీ అధికారిగా ఉన్న కర్నల్ బెడ్డోం 1876లో దీని విత్తనాలు తెప్పించమని రాశాడు. మరుసటి ఏడు కడప జిల్లా కమలాపురంలో నాటారు. ధాత కరువు రోజులవి. కరువు నేలకు పచ్చదనం, పేదవాడికి కట్టె అన్న ఆలోచనలో మంచి లేదనలేం. అమెరికా ఖండపు ఎడారుల్లో పుట్టిన ఈ చెట్టు ఉప్పునేలకు వెరవదు, ఎండకు వెరవదు. వేరు చాలా లోతుకు పోతుంది. తియ్యగా ఉండే దాని కాయను మేకలూ ఆవులూ ఇష్టంగా తింటాయి. గింజ కడుపులో నానీ పైపొర మెత్తబడీ పేడతో బయటపడి మరీ బాగా మొలుస్తుంది. నరికితే మొదలు దగ్గర నుంచి నాలుగు కొమ్మలు లేస్తాయి. దానికి కావలసింది వెలుగొక్కటే. చెక్కుచెదరని పాల అడవి నీడలోకి అది రాలేదు. కొట్టి ఊడ్చి శుభ్రం చేసిన అడవిలోకి వస్తుంది. అంటే పాత శుభ్రతే నేటి మురికికి తలుపు తీసింది.

పొద విలువ మనకు ఎంత తెలియదో చెప్పడానికి కలివికోడి చాలు. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ 1848లో దాన్ని లోకానికి పరిచయం చేశాడు. 1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో స్థానిక వేటగాడొకడు పట్టుకుంటే మళ్లీ తెలిసింది. ఎనభై ఆరేళ్లు శాస్త్రజ్ఞులకు లేని పిట్టకు ఊళ్లో పేరుంది, ఆ పేరులో అది తలదాచుకునే పొద కూడా ఉంది. ఆ కలివిపొదే మన జంగిల్ క్లియరెన్స్‌లో మొదట తెగేది.

శ్రీహరికోట సంగతికి మళ్లీ వస్తాను, ఎందుకంటే దాన్ని చూపించి ఒక తప్పుడు పాఠం చెబుతున్నారు. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. సుమారు 43,360 ఎకరాలు. ఊళ్లు ఖాళీ చేయించారు. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్టుతో కేంద్రం పని మొదలైంది. ఆనాటి నుంచి కంచె లోపలి అడవి తేరుకుంది. ఈ రకపు అడవి తూర్పు తీరంలో ఇంత పెద్ద ఎత్తున మిగిలినచోటు ఇదే అని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. దీనిమీద కొందరు "చూశారా, మనుషుల్ని తీసేస్తే అడవి బాగుపడుతుంది" అంటారు. మనుషుల్ని కూడా కలుపులో కలిపేసే ఈ మాటకు నేను ఒప్పుకోను. 1835కు ముందు తరతరాలుగా యానాదులు అందులో ఉన్నారు, దుంప తవ్వారు, తేనె తీశారు, ఎలుకనూ ఉడుమునూ పట్టారు. సర్కారు ఆశపడేంత అడవి అప్పుడూ ఉంది. ఆ తరువాత దాన్ని కుదించింది నగరపు పొయ్యికి పోయిన పడవల కట్టె. కంచె పడ్డాక ఆగినవాటిలో అసలైనది ఆ నరుకుడు. యానాది గునపం కూడా అప్పుడే ఆగింది గనుక రెండింటినీ ఒక గాటన కట్టి, పెద్ద నేరాన్ని చిన్నవాడి మీద వేస్తున్నారు. ఖాళీ చేసిన ఊళ్లవాళ్లు వదిలిపోయిన పశువులు ఆ దీవిలో అడవి పశువులైపోయాయి. కంచెకు ఆ సంగతి ముందు తోచలేదు. అడవి బాగుపడటం మంచిదే. కాని ఆ మంచికి వెల చెల్లించినవారెవరో ఆ పాఠంలో రాయరు. యానాదుల కోసం జీవితకాలం పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య ఈ జిల్లావారే. 1962లో వారిని గురించి పుస్తకం రాశారు. మన సాహిత్య చర్చల్లో ఆ పుస్తకం పేరు నేను విన్నది బహు తక్కువ.

అయితే నిజమైన శుభ్రత ఎలా ఉండాలి? చిల్ల తియ్యాలి, అందులో నాకు అనుమానం లేదు. కొడవలితో కొడితే అది బలపడుతుంది. మట్టం కింద అడుగు లోతు వరకూ తవ్వి, మొగ్గలుండే మొదలంతా తీస్తే తప్ప చావదు. పొక్లెయిన్ పెట్టి పీకితే మొక్కతోబాటు పైమట్టి, దానిలోని దేశవాళీ విత్తనం, చిల్ల నీడలోనే దాక్కుని పెరుగుతున్న అల్లిమొక్క కూడా పోతాయి. అవును, చిల్ల నీడలో కూడా దేశవాళీ మొక్క ఒక్కొక్కటి మొలుస్తుంది, ఆ కొమ్మ మీద వాలిన పిట్ట వేసినది. కాబట్టి అంతా ఒకేసారి ఖాళీ చెయ్యకుండా చాళ్లుగా తీస్తూ, తీసిన చాలులో ఆ వానకే పాల, నేరేడు, అల్లి, కలివి నాటుతూ పోవాలి. ఇదే రకపు అడవి పుదుచ్చేరి వైపు దాకా ఉండేది. అక్కడ ఆరోవిల్‌లో 1968 తరువాత బోడిగా ఉన్న ఎర్రనేల మీద దాన్ని తిరిగి పెంచినవాళ్లు మొదట త్వరగా పెరిగే ఆస్ట్రేలియా తుమ్మను నీడకోసం వేసి, దాని చాటున దేశవాళీ జాతులను పైకి తెచ్చారు. పరాయి చెట్టును దాదిగా వాడుకుని తరువాత తప్పించవచ్చునన్నమాట. అది దశాబ్దాల పని. మన టెండర్లు ఏడాదివి.

ఇవతల తమిళనాడులో తొందరపాటు ఎలా ఉంటుందో 2017లో చూశాం. చిల్లను వెంటనే నిర్మూలించమని మద్రాసు హైకోర్టు మదురై బెంచి ఆదేశించింది. యంత్రాలు దిగాయి. దాని మీద అభ్యంతరాలు వచ్చాయి, కొద్ది నెలలకే ఆ పని ఆపమని హైకోర్టే ఉత్తర్వు ఇచ్చింది. అభ్యంతరం చెప్పినవారంతా చిల్ల పక్షపాతులు కారు. తీసినచోట ఏం వస్తుందన్నది వాళ్ల ప్రశ్న.

మా తీరంలో ఆ ప్రశ్నకు జవాబు తరచు రొయ్య. 1990ల నుంచి ఉప్పునేలలూ పోరంబోకులూ రొయ్యల గుంటలయ్యాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు గుంటల మీద కఠినమైన తీర్పు ఇచ్చినా గుంటలు పోలేదు. ముళ్లకంప నిండిన నేలకు ఒక రక్షణ ఉంది, ఎవరికీ అక్కర్లేదు. సర్కారు డబ్బుతో కంప కొట్టించి చదును చేసిన మరునాడు అది అందరికీ కావాలి. శుభ్రం చేయించేవాడి ఉద్దేశం అడవే కావచ్చు. నేల మాత్రం బలవంతుడి చేతికి పోతుంది.

బలహీనుడి సంగతి చూద్దాం. ఇవాళ ఆ చిల్లను కొట్టి బొగ్గు కాల్చి బతికేవాళ్లలో యానాదులు ఎక్కువ. కొమ్మలూ మోళ్లూ పేర్చి, గడ్డి కప్పి, మట్టి మెత్తి, చిన్న కన్నాలు విడిచి నిప్పు పెడతారు. రోజుల తరబడి రాత్రీ పగలూ కాపలా ఉండాలి. పొగ రంగు చూసి లోపల ఏ స్థితిలో ఉందో చెప్పగలరు. మంట లేస్తే అంతా బూడిదే. బొగ్గు పట్టణాల హోటళ్లకు పోతుంది. వ్యాపారి ముందుగా కొంత డబ్బిస్తాడు, ఆ బాకీ తీరదు, కుటుంబం ఒక బట్టీ నుంచి ఇంకో బట్టీకి మారుతుంది. వెట్టిచాకిరీని రద్దు చేసిన చట్టం 1976 నాటిది. నేను మాట్లాడిన ఒక పెద్దాయనకు ఆ చట్టం సంగతి తెలియదు. "చిల్లంతా తీసేస్తే అడవి బాగుపడుతుందంట గదా సామీ, మరి మమ్మల్నేం జేస్తారు?" అని అడిగాడు. ఆయన ప్రశ్నలో వ్యంగ్యం లేదు.

ఆయనకు జవాబు లేకుండా చిల్ల తియ్యమని రాయడానికి నాకు చెయ్యాడదు. జవాబు లేకపోలేదు. లోతు తవ్వి మొదలు తియ్యడం చెయ్యితిరిగిన పని, అది వాళ్లకే వచ్చు. ఏ పొద కింద ఏ మొక్క మొలుస్తుందో, ఏ పండు ఏ నెలలో రాలుతుందో వాళ్లకు తెలిసినంత అటవీశాఖ గార్డుకు తెలియదు. తీసిన కంప బొగ్గు మీద హక్కు వ్యాపారికి గాక వాళ్ల సంఘానికి ఇస్తే, నాటిన మొక్కకు నీళ్లు పోసి కాపాడటానికి వరసగా పదేళ్లు కూలి ఇస్తే, పెరిగిన అడవిలో కాయా కట్టే తేనే వాళ్లవని కాగితం మీద రాసిస్తే, చిల్ల పోతుంది, బతుకూ నిలుస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టంలో ఇందులో చాలా భాగానికి దారి ఉంది. 1992 తరువాత వచ్చిన వన సంరక్షణ సమితులు చెట్టును కాచే పని ఇచ్చాయి, భూమి మీద హక్కు ఇవ్వలేదు. కొండల్లోని గిరిజనులకే అంతంతమాత్రంగా అందిన 2006 చట్టం చెరువు కట్టల మీదా కాలువ గట్ల మీదా గుడిసెలు వేసుకుని తిరిగే మైదానపు యానాదికి అందాలంటే, ముందు ఆయన ఫలానా చోట ఉన్నాడని రుజువు కావాలి. ఖాళీ చేయిస్తూ వచ్చినవాళ్లే ఆ రుజువు అడుగుతారు.

జనం తోడుంటే అడవి నిలుస్తుందనడానికి దూరం పోనక్కర్లేదు. నాయుడుపేట, సూళ్లూరుపేటల మధ్య నేలపట్టు ఉంది. 1976లో దాన్ని పక్షుల రక్షణ కేంద్రంగా ప్రకటించారు. 458.92 హెక్టార్లు, అందులో చెరువు కొంత, చుట్టూ మనం చెప్పుకున్న పొదల అడవి. చెరువు నీళ్లలో నిలబడిన కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. ప్రకటనకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే ఊరివాళ్లు వాటిని కొట్టేవాళ్లు కారు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని వాళ్లకు తెలుసు. ఇందులో భక్తి ఎంతో లెక్క ఎంతో నేను చెప్పలేను, రెండూ కలిసే ఉంటాయి. ఆ చెట్లు నీళ్లలో నిలబడి బతుకుతాయి గాని, పాతవి పడిపోయే కొద్దీ కొత్తవి నాటాలి. మొక్క నీటిమట్టానికి పైకి వచ్చేదాకా మేక నోటబడకుండా చూడాలి. అది చెరువు ఎండిన నెలల్లోనే కుదిరే పని. ఆ నెలల్లో ఊరి కూలీలకు వేరే పనీ ఉండదు.